రెండో మోతాదు

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు గానీ, కెంపమ్మ విషయంలో ఆ మాట చెల్లలేదు. మదనపల్లె నుంచి కురబలకోట పోయే దారిలో, ఆస్పత్రి వెనక వీధిలో ఆమె ఇల్లు. ఇరుగుపొరుగులే ఆమె రోగులు. రామసముద్రం నుంచి పదమూడేళ్లకు కాపురానికొచ్చి, మామ దగ్గర గొర్రెల వైద్యం నేర్చుకుంది. మొగుడు నరసింహప్ప పోయాక మందను అమ్మేసింది గానీ వైద్యాన్ని వదల్లేదు. గొర్రెలకు నేర్చినదాన్నే మనుషులకూ వాడింది. ఇన్నేళ్లలో ఎవరికీ ఏమీ కాలేదు, దాంతో ఆమెకు తన చేతిమీద గురి కుదిరిపోయింది.

మామ చెప్పిన మాట ఒకటి ఆమెకు వేదం. మందు తాపినాక గొర్రె రెండు దఫాలు నెమరు వేసేలోగా గుణం కనబడకపోతే, మళ్లీ తాపాలి.

పందొమ్మిది వందల నలభైమూడు వేసవిలో పక్కింటి రాహేలు ఆమె దగ్గరికొచ్చింది. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ ఆయా. మొగుడు ఐజాక్ పటాలంలో చేరి బర్మా వైపు పోయాడు, నాలుగు నెలలుగా జాబు రాలేదు. పగలు పడుకుంటే కన్ను మూతపడదు, రాత్రి వార్డులో కునుకు ఆగదు. ఇంకోసారి కునికితే పని పోతుందని పై నర్సమ్మ చెప్పేసింది.

కెంపమ్మ పొద్దున్నే ఆ పిల్లకు నెయ్యి వేసి రాగిసంగటి ముద్ద తినిపించింది. జాజికాయ సానమీద అరగదీసి పాలల్లో కలిపి తాగించింది. పొద్దు నడినెత్తికొచ్చినా రాహేలు దొర్లుతూనే ఉంది.

"పట్టలేదు పెద్దమ్మా," అంది.

"రెండు నెమర్ల పొద్దు దాటిపోయిందే," అనుకుంటూ కెంపమ్మ మళ్లీ సాన ముందు కూర్చుంది. ఈసారి కాస్త ఎక్కువే అరగదీసింది.

సాయంత్రం ఆస్పత్రిలో డ్యూటీ గంట కొట్టారు. రాహేలు లేవలేదు. కెంపమ్మ తట్టింది, కుదిపింది, మొహాన నీళ్లు చల్లింది. కనురెప్ప అదిరింది గానీ తెరుచుకోలేదు. పెదాలు పిడచకట్టుకుపోయి ఉన్నాయి. గుండె చూస్తే పిట్టలా కొట్టుకుంటోంది. కెంపమ్మ వీధిలోకి పోయి జనాన్ని కేకేసింది.

మంచం మీదే ఆస్పత్రికి మోసుకుపోయారు. డాక్టరు పుంగనూరు వెళ్లి ఉన్నాడు. కాంపౌండరు ప్రేమానందం నాడి పట్టుకుని అడిగాడు.

"ఏమి ఇచ్చినావమ్మా? ఎన్నిసార్లు?"

"జాజికాయప్పా. పొద్దున ఒక్కసారే."

ఆ అబద్ధం ఆమె నోటి నుంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. భయమే పలికించింది.

"ఒక్కసారికి ఇంత మత్తు రాదే," అన్నాడు ప్రేమానందం. గుమ్మంలో ఎవరో, "మొగుని జాబు రాలే కదప్పా, గన్నేరుపప్పు మింగిందేమో," అన్నారు. ఆయన మొహం మారిపోయింది. "అదే అయితే కడుపులోకి గొట్టం వేసి కడగాల. పోలీసులకూ రాసి పంపాల."

కెంపమ్మ ఊళ్లో మాట ఊహించుకుంది. ఆ పిల్ల బతికినా ఆ నింద బతకనివ్వదు. నెల తిరిగేసరికి చర్చిలో వెనక బెంచీలో కూడా చోటివ్వరు. తన పేరు పోతే పోనీ.

"ఆ బిడ్డ ఏమీ మింగలేదప్పా. రెండోసారి ఇచ్చింది నేనే. మద్దేనం. పట్టలేదనుకున్నా. గొర్రెలకు ఇచ్చినట్టే ఇచ్చినా."

ప్రేమానందం మళ్లీ రాహేలు నాడి పట్టుకున్నాడు. తిడతాడనుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

"మనిషికి నెమరు లేదమ్మా. నేతి ముద్దలో మందు చిక్కుకుని, మెల్లగా పేగుల్లోంచి నెత్తుట్లోకి పోతాది. మొదటిది తలకెక్కే ముందే ఇంకోటి పోసినావు, రెండూ కలిసినాయి. ఇంక కార్జం దాన్ని కొంచెం కొంచెంగా విరిచి మూత్రంలో పంపాల. మనం తొందరపెడితే వినదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఊపిరి సూస్తా కూసో. నేనూ ఉంటా."

తెల్లారింది. ఎండ కిటికీ దాటి మంచం కోడు మీదికి వచ్చింది. కెంపమ్మ ఒక్కో ఊపిరి లెక్కపెట్టింది, లెక్క తప్పినప్పుడు మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. తన బిడ్డలు పుట్టినప్పుడు కూడా అంత భయపడలేదు.

మధ్యాహ్నం దాటాక రాహేలు కళ్లు తెరిచింది. నీళ్లడిగింది. గ్లాసెడూ తాగి, పెదాలు తడి చేసుకుని, చిన్నగా అంది.

"నాలుగు నెలలకు నిద్రపోయినా పెద్దమ్మా. ఇంకోసారి ఇస్తావా?"

తప్పు చేసిన చేతినే ఆ పిల్ల నమ్మి అడుగుతోంది. కెంపమ్మ కళ్ల నీళ్లు ఆపుకోలేకపోయింది.

"మందు వద్దు బిడ్డా. నేను పక్కన కూసుంటా. నువ్వు ఊరికే కండ్లు మూసుకో."

మూడో రోజు పొద్దున రాహేలు డ్యూటీ నుంచి వచ్చి పడుకుంది. కెంపమ్మ పక్కన కూర్చుంది. పొద్దు నడినెత్తికొచ్చినా రాహేలు దొర్లుతూనే ఉంది. కెంపమ్మ చూపు ఒకసారి సానరాయి వైపు పోయింది. లేవలేదు.