ముప్పై లింకులు

మీటర్ల కొలత ఇంకా రాని రోజులు. డోన్ స్టేషన్ బెంచీ మీద ఒక ముసలాయన నా చేతిలోని పొలం పటంలోకి తొంగి చూసినాడు.

"మా బాయి నుంచి గట్టుకు ముప్పై లింకులని దీంట్లో రాసుండాది, అంటే ముప్పై అడుగులు. పక్కచేనోడు పదడుగులు మింగినాడప్పా," అంటి.

"లింకంటే అడుగని ఏ తలకాయ లేనోడు చెప్పినాడు?"

"మా ఆయన."

"సర్వే గొలుసు లాగి చేతులు కాయలు కాసినోణ్ణి నేను. నూరు లింకుల గొలుసు అరవయ్యారు అడుగులే. నీ ముప్పై లింకులు ఇరవై అడుగులు కూడా నిండవు. దొంగవి నువ్వే!"

"నీ నోరు పడిపోను!" అని పటం లాక్కొని లేచిపోయినా.

ఇంటికొచ్చి తాడేసి కొలిస్తే, గట్టు సరిగ్గా ఆయన చెప్పిన కాడే ఉండాది. మూడేండ్లు తిట్టిన పక్కచేనోణ్ణి ఆ పొద్దు నుంచి తిట్టలేదు. ఆ ముసలాయన్ను మాత్రం ఇప్పటికీ తిట్టుకుంటానే ఉండా.