ఆ పసుపు రంగు నేనిచ్చిందే

మా పెద్ద సిస్టరమ్మ పోయారు. గీదం బస్టాండులో ఉండగా ఫోనొచ్చింది. "జగదల్‌పూర్ దవాఖానకు తోల్కపోతాంటే మేడం, తొవ్వలనే గుండె ఆగింది" అన్నాడు, ఇన్నేళ్లు ఆవిడతో పనిచేసిన ఆరోగ్య కార్యకర్త. నేనెక్కాల్సిన బచేలి బస్సు కళ్లముందే వెళ్లిపోయింది. ఎక్కాలనిపించలేదు.

కిష్టారం దాటాక అడవిలో ఉన్న చిన్న ఆరోగ్య కేంద్రానికి ఆవిడ నర్సు. నేను బచేలిలో పెరిగిన గనివాళ్ల పిల్లని. సాఫ్ట్‌వేర్ తెరలు తయారుచేయడం నా పని. జ్వరాల వివరాలు రాసుకునే ట్యాబ్ పట్టుకుని మొదటిసారి వెళ్లినప్పుడు నాకెంత పొగరో! అక్షరాలు, రంగులు, వరస, భాష, అన్నీ ఎవరికి నచ్చినట్టు వాళ్లు మార్చుకోవచ్చని గొప్పలు పోయాను. చూడ్డానికి శుభ్రంగా ఉంటుందని ఉంది, లేదు అనే మాటలు కూడా తీసేశాను. పేరు పక్కన రంగు చాలనుకున్నాను. ఎరుపైతే మలేరియా ఉంది, ఆకుపచ్చయితే లేదు.

ఆవిడ కళ్లజోడు నుదుటి మీదికి తోసి చూశారు. "ఇన్ని మార్చుకునుడు ఎందుకు బిడ్డా? అన్నం తినేటప్పుడు నోరు ఏడున్నదో రోజూ కొత్తగ ఎతుక్కుంటవా ఏంది?"

నాకు చుర్రుమంది. "ఎవరి వీలు వాళ్లదండీ. మీ అలవాటే అందరికీ ఎందుకుండాలి?" అన్నాను. నవ్వేశారు. కోపమొస్తే తెలుగు, ముద్దొస్తే గోండి, పైఆఫీసు వాళ్లొస్తే హిందీ మాట్లాడే మనిషి. ఆవిడ కాగితం రిజిస్టరులో ఎప్పటినుంచో ఒక పద్ధతి ఉండేది. మలేరియా ఉంటే పేరు కింద ఎర్రగీత, మాత్ర మింగించాక పేరు మీద పసుపు పెన్సిలు. అది నేను చూశాను, పట్టించుకోలేదు.

వానాకాలంలో ఒకరోజు కార్యకర్త నన్ను పక్కకు పిలిచి, "మేడం, నాకు ఎరుపూ ఆకుపచ్చా ఒక్కతీరే కనబడతయి" అన్నాడు, సిగ్గుపడుతూ. నేను ఎగిరి గంతేశాను. ఇందుకేగా ఇవన్నీ పెట్టింది! ఉంటే పసుపు, లేకపోతే నీలం వచ్చేలా చేసిచ్చాను. సిస్టరమ్మకు చెప్పాలన్న ధ్యాసే లేదు.

ఆయన అరుగు మీద రక్తపరీక్షలు చేసి ట్యాబులో ఎక్కించేవాడు. అది చూసి ఆవిడ మాత్రలిచ్చేవారు. ఆరోజు ట్యాబ్ చూసి, "ఈ నీలమేంది బిడ్డా?" అని అడిగారు. "మలేరియా లేనివాళ్లండీ" అన్నాను, తలెత్తకుండా. పసుపు గురించి అడగలేదు. పసుపంటే ఆవిడకు తెలుసు కదా! ఉన్నది ఒకే ఒక్క పసుపు, నాలుగేళ్ల ఆడపిల్ల. ఆ పాపకు కార్యకర్తే మాత్ర మింగించాడనుకుని, "ఇంగ పోండ్రి, వాగు పెరుగుతాంది" అని అందరినీ పంపేశారు.

మందుల పెట్టె సర్దుతూ ఆగిపోయారు. "తమ్మీ, పిల్లల దవాయి అట్ట చింపనే లేదేంది?"

"నేనెందుకు చింపుత సిస్టరమ్మా? ఇచ్చేది నువ్వు గద!"

"అయ్యో, పసుపంటే... ఉందనండీ" అన్నాను. ఆవిడ తిట్టలేదు. అట్ట కొంగున ముడేసుకుని పరుగందుకున్నారు. యాభై దాటిన మనిషి, బురదలో చెప్పులు వదిలేసి. వెనకే నేను. అది మెదడుకెక్కే రకం జ్వరం. పిల్ల వాగు దాటిపోతే, మళ్లీ వాగు తీసేసరికి ఏమవుతుందో నాకూ తెలుసు.

మేం చేరేసరికే తల్లి అవతలి గట్టెక్కింది. పిల్ల భుజాన వేలాడుతోంది. సిస్టరమ్మ గోండిలో పెట్టిన కేకకు తల్లి ఆగింది. ఆవిడ నీళ్లలోకి దిగారు. మోకాళ్లు, నడుము, గుండెల దాకా నీళ్లు. నేనూ కాలు పెట్టబోతే "ఆడనే ఉండు!" అని కసిరారు. అవతలికి చేరి, మాత్ర నలిపి పిల్ల నోట్లో పోశారు. అరగంటలోపు కక్కుకుంటే మళ్లీ వెయ్యాలి. వాగులో రాళ్లు ఒక్కొక్కటే మునిగిపోతున్నాయి. పిల్లకు డోకొచ్చినప్పుడల్లా ఇవతల నా ప్రాణం గిలగిలలాడింది. అరగంటా గడిచింది. కక్కలేదు. ఇక వచ్చెయ్యమని అరిచాను. ఆవిడ తల అడ్డంగా ఊపి మూడు వేళ్లు చూపించారు. మూడు రోజుల మందూ తనే దగ్గరుండి వేస్తారన్నమాట.

"రంగులన్నీ తీసేస్తానమ్మా! అందరికీ ఒక్కటే పెడతాను!" అని ఏడుస్తూ అరిచాను.

"తియ్యకు!" నీళ్ల హోరు మీంచి వచ్చింది ఆవిడ గొంతు. "తమ్మి కన్ను తమ్మిది, రంగు ఆయనిష్టం. మాట పెట్టు బిడ్డా! ఉన్నదని మాట! అది ఎవ్వలు చూసినా ఒక్కకాడనే ఉండాలె!"

ఇవాళ్టికీ నా తెరల మీద రంగులు మారతాయి, అక్షరాలు పెరుగుతాయి. "మలేరియా ఉంది" అన్న మాట మాత్రం కదలదు. ఆ పిల్ల బతికింది. ఆవిడే లేకపోతే నేనొక పిల్లను చంపినదాన్నయ్యేదాన్ని. ఈ మాట ఆవిడ బతికుండగా ఎదురుగా నిలబడి ఒక్కసారీ చెప్పలేకపోయాను.

పోయారన్నప్పటినుంచీ ఆ గట్టే కనిపిస్తోంది. తడిసిన చీరతో, పిల్లను చంకనెత్తుకుని, తల్లి వెనకాలే చెట్లలోకి నడుస్తున్నారు. ఆవిడ వెనక్కి తిరగలేదు. భుజం మీద తల వాల్చిన ఆ పిల్ల మాత్రం, కళ్లు మూతలు పడుతూ, నా వైపే చూస్తోంది.