అత్తమ్మ చేపలు, కొత్త నల్లా నీళ్లు

మొన్న నల్లగొండలో కంటి దవాఖానకు పోయి, చుక్కల మందు వేయించుకుని నా వంతు కోసం కూర్చుని ఉంటే, ఎదుటి గోడకు ఆనించి పెట్టిన పెద్ద అక్వేరియంలోకి అక్కడ పనిచేసే ఒకామె నల్లాకు పైపు తగిలించి నేరుగా నీళ్లు వదలబోయింది. నాకు చూపు మసకగానే ఉన్నా, ఎప్పుడు లేచానో తెలియదు, పోయి ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె నొచ్చుకోలేదు. అక్వేరియంలో ముందే మందు వేశానని సీసా చూపించి, నవ్వి, తన పని తాను చేసుకుంది. నేను సిగ్గుపడి వచ్చి కూర్చున్నాను గానీ, నా పేరు పిలిచేదాకా మనసు మాత్రం పానగల్ రోడ్డులోని మా పాత ఇంట్లోనే తిరిగింది.

ప్రత్యేక రాష్ట్రం వచ్చిన తొలి ఏళ్లవి. మా ఆయన బస్సు డ్రైవరు, నేను నార్కట్‌పల్లి తపాలా ఆఫీసులో గుమాస్తాను. మా అత్తమ్మ మునుగోడు దిక్కు పల్లెలో యాభై ఏళ్లు గొర్లు కాసిన మనిషి. ఆ నేలలోని నీళ్ల సంగతి మన ఈడు వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. బోరు నీళ్లలోని ఫ్లోరైడు ఆమె పళ్లను గోధుమరంగుకు తిప్పి, మోకాళ్లను బిగించి, నడుమును కొడవలిలా వంచింది. ఎవరి ముఖమైనా చూడాలంటే ఆమె మెడ పక్కకు తిప్పి కిందినుంచి చూసేది. ఇక కొండల వెంట తిరగలేక మందను అమ్మి మా ఇంటికి వచ్చాక, నెల రోజులు సరిగా అన్నం తినలేదు. కదిలే ప్రాణి కంటి ముందు లేని ఇల్లు ఆమెకు ఇల్లులాగే అనిపించలేదు. పట్నంలో గొర్రెను ఎక్కడ కట్టేస్తాం? మా ఆయన ఆలోచించి ఆలోచించి, గడియారం చౌరస్తా దగ్గరి దుకాణంలో ఒక అక్వేరియం, తొమ్మిది బంగారు చేపలు కొని తెచ్చి, వంగిన ఆమె చూపుకు సరిగ్గా అందే ఎత్తులో, మంచం పక్కన చిన్న బల్ల మీద పెట్టాడు.

మొదటిరోజు అత్తమ్మ అటు చూడనైనా లేదు. వారం తిరిగేసరికి దానికి అద్దాల బాయి అని పేరు పెట్టింది. తెల్ల మొహం దానిని బొల్లిది అని, నల్ల మచ్చ దానిని కర్రెది అని గొర్లను పిలిచినట్టే పిలిచేది. పొద్దుగూకే వేళ తొమ్మిదీ ఉన్నాయా లేదా అని వేలు చూపి లెక్క పెట్టుకునేది. అన్నం కూడా వాటి ముందే కూర్చుని తినేది.

అక్వేరియంలో మొదటినుంచీ మా పెరటి బోరు నీళ్లే పోసేవాళ్లం. తాగడానికి మాత్రం డబ్బా నీళ్లు కొనేవాళ్లం. అప్పుడే మా వీధికి కొత్త నల్లా వచ్చింది, శుద్ధి చేసిన కృష్ణమ్మ నీళ్లు. ఆ ఉదయం వీధిలోని ఆడవాళ్లు నల్లాలకు పసుపు కుంకుమ పెట్టారు, ఎవరో కొబ్బరికాయ కొట్టారు. అత్తమ్మ మొదటి గ్లాసును రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూసి, తర్వాత మెల్లగా తాగింది. ఇక బోరు నీళ్లు తన కళ్ల ముందుకు తేవద్దని ఆ రోజే చెప్పింది.

మరుసటి ఆదివారం మా ఆయన డ్యూటీకి పోయాక నాకు ఒక ముచ్చట పుట్టింది. మనుషులం తియ్యటి నీళ్లు తాగుతుంటే ఆ చేపలు మాత్రం చేదు నీళ్లలో ఎందుకుండాలి అనుకున్నాను. చేపలను గిన్నెడు కొత్త నీళ్లలోకి తీసి, పాత నీళ్లన్నీ తోడి జామచెట్టు మొదట్లో పారబోసి, అద్దాలు తుడిచి, రాళ్లు కడిగి, అంచుదాకా కొత్త నీళ్లు నింపి చేపలను వదిలాను. మంచి పని చేశానన్న గర్వంతో వంటింట్లోకి పోయాను. బియ్యం కడుగుతుండగానే అత్తమ్మ పిలిచింది.

“బిడ్డా, ఇవన్నీ మీదికొచ్చి నోళ్లు తెరుస్తున్నయ్. జర ఇటు రా.”

వెళ్లి చూస్తే తొమ్మిదీ నీటి పైకి వచ్చి గాలి కోసం కొట్టుకుంటున్నాయి. మొప్పలు ఎర్రబడ్డాయి. కర్రెది అద్దానికి ఒళ్లు రాసుకుంటూ పిచ్చిగా తిరుగుతోంది, ఒకటైతే అప్పటికే పక్కకు ఒరిగింది. అదే సమయానికి కరెంటు పోయి గాలి బుడగల యంత్రమూ ఆగింది. నాకు తోచక ఇంకో చెంబెడు నల్లా నీళ్లు పోయబోతే అత్తమ్మ నా చెయ్యి ఆపి, తన వేళ్లు నీళ్లలో ముంచి వాసన చూసింది.

“ఇంక పొయ్యకు. గీ నీళ్లల్ల మందున్నది. బాయిల తెల్లపొడి చల్లినంక రెండు దినాలు గొర్లను తాగనిచ్చేటోళ్లం గాదు.”

దుకాణదారుకు ఫోను చేస్తే ఆయనా అదే అన్నాడు. నల్లా నీళ్లలో కలిపే క్లోరిన్ చేపల మొప్పలను కాలుస్తుందని, ముందు వాటిని ఆ నీళ్లలోంచి తీసి పాత నీళ్లలోనో బోరు నీళ్లలోనో వేయమని, పైనుంచి నీళ్లు పోస్తూ గాలి తగలనివ్వమని, తాను మందు తీసుకుని బయలుదేరుతున్నానని చెప్పాడు. పాత నీళ్లు జామచెట్టు తాగేసింది. మోటారు వేద్దామంటే కరెంటు లేదు. మిగిలినవి పెరట్లో గిన్నెలు తోమడానికి గోలెంలో ముందురోజు పట్టిన బోరు నీళ్లే. వాటిని ఇంట్లోకి తేవడానికి ఒక్క క్షణం నా కాళ్లు వెనకాడాయి. అత్తమ్మ నా మొహం చూసి తెమ్మని తల ఊపింది.

బిందెలతో మోసుకొచ్చి ఇత్తడి గంగాళంలో పోసి, చిన్న వలతో చేపలను ఒక్కొక్కటే అందులోకి మార్చాను. అత్తమ్మ మంచం దిగి, గంగాళం పక్కన నేల మీద కూర్చుని, పూర్తిగా ముడుచుకోని వేళ్లతో చెంబు పట్టుకుని, నీళ్లు ముంచి ఎత్తునుంచి పోయడం మొదలుపెట్టింది. నేను పోస్తానంటే ఇవ్వలేదు. ఒరిగిన చేపను ఎడమ చేత్తో నిటారుగా నిలబెట్టి, కుడి చేత్తో పోస్తూనే ఉంది. చెయ్యి సలిపినప్పుడు చెంబు నాకిచ్చేది, మళ్లీ తీసుకునేది. తన ఎముకలు తినేసిన ఆ నీళ్ల మీదికే ఆమె అంతసేపు వంగి ఉంది.

దుకాణదారు వచ్చేసరికి నాలుగు పోయాయి, కర్రెది కూడా. బొల్లిదీ మరో నాలుగూ అడుగుకు దిగి నెమ్మదిగా ఈదుతున్నాయి. ఆయన అక్వేరియంలో క్లోరిన్‌ను విరిచే మందు చుక్కలు వేసి, నీళ్లు ఎప్పుడూ ఒక్కసారిగా మార్చవద్దని, పావు వంతు చొప్పున, అవీ ఒక దినం ఎండలో పెట్టాక పోయమని చెప్పి వెళ్లాడు. చచ్చిన వాటిని జామచెట్టు కింద పాతిపెట్టి వచ్చి, అత్తమ్మ ముందు నిలబడలేక ఏడ్చాను. ఆమె నా కొంగు పట్టి కూర్చోబెట్టింది.

“నువ్వు మంచినీళ్లే పోసినవ్ బిడ్డా. మనకు మంచియి, వాటికి గావు. గంతే.”

ఆ సాయంత్రం ఆమె ఐదింటినే లెక్క పెట్టుకుంది. ఆ ఐదూ మూడేళ్లు బతికాయి. అత్తమ్మ అంతకంటే ఒక్క వానకాలం ఎక్కువ ఉంది.

ఇప్పుడు ఆమె పల్లెకు పోతే బడి పిల్లలు తెల్లటి పళ్లతో నవ్వుతారు. ఏ బాయి నీళ్లకు పప్పు ఉడుకుతుందో, ఏ బోరు చేదో, ఏ నీళ్లు పశువుకు పనికిరావో వాళ్లకు తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. మన కాలంలో ఆ తెలివికి మనుషులు నడుములే ఇచ్చుకున్నారు గనుక, అది పోయినందుకు నేను విచారించను. నేను కోడలిగా వచ్చేనాటికే అత్తమ్మ వంగిపోయి ఉండేది. ఆ నల్లా ఏదో ఒక నలభై ఏళ్లు ముందు వచ్చి ఉంటే, ఆమె నిటారుగా నిలబడితే ఎంత ఎత్తుండేదో నాకు తెలిసి ఉండేది.