మంచుకు తడవని సీటు

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. మా పుట్టిల్లు ప్రొద్దుటూరు. మా నాయన బట్టల అంగడిలో గుమాస్తా. ఎవరైనా దయ్యం మాట ఎత్తితే, "దానికి చీర ఎన్ని గజాలు పడ్తాదో కనుక్కోని రాపో" అనేవాడు. పెళ్లయి జమ్మలమడుగు దగ్గరి పల్లెకు వచ్చాక శ్మశానం పక్కనుంచే చేనికి పోయేదాన్ని, ఒక్కదాన్నే. ఆ రోజుల్లో మా వైపు భయమంటే బతికున్న మనుషులతోనే.

ఇప్పుడు చెప్పబోయేది మా ఇంట్లో అందరం చూసింది. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

ముందు ఓబులేసు గురించి చెప్పాలి. అతను నా మరిది. మాది గొర్రెల కుటుంబం. మా ఆయన మందను తోలుకుని నెలల తరబడి ఖాజీపేట, చాపాడు వైపు చేలల్లో ఉండేవాడు. ఓబులేసుకు మాత్రం గొర్రెల మీద మనసు లేదు, బండ్ల మీదే. ప్రొద్దుటూరులో ఎవరిదో పాత మోటారుసైకిలు కొన్నాడు. ముందు మడ్‌గార్డు పైకెత్తించి, హ్యాండిలు మార్పించి, పెద్ద పెద్ద గుబ్బలున్న టైర్లు వేయించాడు. అది రోడ్డు మీద కంటే దున్నిన చేలోనే బాగా పోయేది. ఊళ్లో దాన్ని మట్టిబండి అనేవారు. ఒకసారి పులివెందులలో కుర్రాళ్లు పెట్టుకున్న మట్టి పందెంలో రెండోవాడిగా వచ్చాడు. ఒంటి నిండా బురద, అట్లాగే ఇంటికి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు, మాకు చూపించాలని.

అవి ఫ్యాక్షన్ రోజులు. మా ఊరిని ఒక పార్టీ ఊరుగా లెక్కగట్టేవాళ్లు. జమ్మలమడుగు పోయే రోడ్డు మీద మధ్యలో వచ్చే ఊరు ఇంకో పార్టీది. ఎన్నికలు దగ్గరపడినా, ఎక్కడైనా మనిషిని చంపినా మా ఊరికి బస్సు రాదు. జీపులు ఆపి లోపల ఎవరున్నారో చూసేవాళ్లు. ఏ జెండా పట్టని మాలాంటి వాళ్లం కూడా ఆ దారిన పోవడానికి జంకేవాళ్లం.

ఓబులేసు బండికి రోడ్డుతో పని లేదు. చేల గట్ల వెంట పోయి, వంకలోకి దిగి, పెన్న ఇసుకలో పడి జమ్మలమడుగు చేరేవాడు. జ్వరం వచ్చినవాళ్లను, తేలు కుట్టినవాళ్లను, అందరినీ అతనే ఆసుపత్రికి చేర్చేవాడు. ఎవరు ఏ పార్టీ అని అడిగేవాడు కాదు.

నాకు నొప్పులు వచ్చిన రోజు కూడా అంతే. మా ఆయన మంద దగ్గర ఉన్నాడు. బండి మీద ఓబులేసు ముందు, నేను మధ్యలో, నన్ను రెండు చేతులా పట్టుకుని మా అత్త వెనక. ఇసుకలో దిగేసరికి నాకు ఉమ్మనీరు పోయింది. సీటంతా తడిసింది. అంత నొప్పిలోనూ సిగ్గుతో చచ్చిపోయాను.

అతను వెనక్కి తిరగలేదు. "ఏం గాదులే వదినా. సీటే గదా, కడిగితే పోతాది. నువ్వు నన్ను గట్టిగా పట్టుకో" అన్నాడు.

ఆసుపత్రి చేరిన కాసేపటికే శైలజ పుట్టింది. దానికి నడక వచ్చాక బండి ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని దొడ్డి చుట్టూ తిప్పేవాడు. వాళ్లిద్దరి నవ్వులూ బండి చప్పుడును మించి వినబడేవి.

ఆ తర్వాతి ఎన్నికలప్పుడు పులివెందుల వైపు నుంచి వస్తూ ఉంటే వంక దగ్గర కాపు కాసి అతని మీద బాంబులు వేశారు. అక్కడే ప్రాణం పోయింది. ఆ దారిన వేరే మనిషి వస్తాడనుకున్నారని తర్వాత తెలిసింది. ఎవరు వేశారో, ఎవరికోసం వేశారో ఇక్కడ రాయను. అప్పటికి అతనికి పెళ్లి కూడా కాలేదు.

చాలా రోజుల తర్వాత పోలీసులు బండి ఇచ్చేశారు. మా ఆయన దాన్ని ఎద్దులబండిలో వేసుకుని వచ్చాడు. సీటు మీద కవరు లేదు, మాడిన స్పాంజి ఉంది. మా అత్త దాన్ని కొట్టంలో మూలకు పెట్టించి గోనెపట్టా కప్పింది. ఎవరు అడిగినా అమ్మనివ్వలేదు. ఉగాదికి ఇల్లు కడిగినప్పుడు దాన్నీ కడిగేది. అంతే. ఆమె ఏడవగా మేము ఎప్పుడూ చూడలేదు.

కాలం గడిచింది. బాంబుల రోజులు సద్దుమణిగాయి. శైలజ పశువైద్యంలో డిప్లొమా చదివింది. పులివెందుల వైపు ఒక పశువుల ఆసుపత్రిలో దానికి ఉద్యోగం వచ్చింది. గుట్టల్లో ఉండే మందల దగ్గరికి పోయి టీకాలు వేయాలి. స్కూటరు పోయే దారులు కావు. "చిన్నాయన బండి బాగుచేయించుకుంటానమ్మా" అంది.

నేను వద్దన్నాను. ఆ బండి మీద నా బిడ్డను చూడటం నావల్ల కాదనిపించింది. మా అత్త మాత్రం, "మూలన పెట్టేదానికి కొన్లేదు వాడు దాన్ని. చేపించుకోనీ" అంది. ఆమెకు అప్పటికే చూపు బాగా తగ్గిపోయింది. మనిషిని మాటను బట్టే గుర్తుపట్టేది.

జమ్మలమడుగులో మెకానిక్కు ఇంజను బాగుచేశాడు. మిగిలింది సీటు. దాన్ని పాత చీరలో చుట్టుకుని నేనూ శైలజా బస్సులో ప్రొద్దుటూరు పోయాం. సీట్లు కుట్టే అంగడాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ బండ్లు ఇప్పుడు యాడుండాయమ్మా? మొదులు ఏ కవరుండె దీనికి?" అని అడిగాడు.

బయలుదేరేముందు ఇంట్లో ఇదే మాట వచ్చింది. మా ఆయన ఎరుపన్నాడు. అత్త నలుపంది. అంతకాలం కళ్లముందు తిరిగిన బండి, రంగు మాత్రం ఎవరికీ సరిగ్గా గుర్తులేదు.

అంగడాయన కొత్త స్పాంజి వేసి, రెండు కవర్లు చూపించాడు. ఒకటి నున్నటి ఎర్ర రెక్సిన్, అంచుకు తెల్లగీత. రెండోది నల్లది, పైన గింజలు గింజలుగా గరుకుగా ఉంది. శైలజకు ఎరుపు నచ్చింది. నాకూ అదే నచ్చింది, కళ్లకు సంతోషంగా ఉంది. శైలజ ఒక మాట ఎరుపంటుంది, ఇంకో మాట జేజిని, అంటే మా అత్తను, అడగాలంటుంది. అంగడాయన విసుక్కోలేదు. "రెండూ తీసకపోండి. ఇంట్లో పెద్దామెకు చూపించి, వద్దన్నది తెచ్చియ్యండి" అన్నాడు.

అత్త రెండింటినీ ఒళ్లో పెట్టుకుని చాలాసేపు తడిమింది. "నాకేం తెలుస్తాది? తోలేటోనికి తెలుస్తాది" అని తిరిగి ఇచ్చేసింది.

ముందు ఎర్రది వేశాం. చలికాలం. కొట్టం నిండా ఈనిన గొర్రెలు ఉండటంతో బండిని వాకిట్లోనే పెట్టాం. పొద్దున లేచి చూస్తే బండంతా మంచు. సీటు మీద కూడా నీళ్లు బొట్లు బొట్లుగా నిలిచి ఉన్నాయి. నేనే గుడ్డతో తుడిచాను. ఇందులో వింతేమీ లేదు.

ఆ రోజు శైలజ వంకగట్టు ఎక్కడం నేర్చుకుంటూ, నున్నటి సీటు మీద వెనక్కి జారి కింద పడింది. మోచెయ్యి గీరుకుపోయింది. "ఎరుపు సోకుకేనమ్మా" అని నవ్వి, తనే నల్ల కవరు మార్చుకుంది.

మర్నాడు పొద్దున గుడ్డ తీసుకుని బండి దగ్గరికి పోయాను. హ్యాండిలు తడి. మడ్‌గార్డు తడి. సీటు వెనక సగం తడి. ముందు సగం మాత్రం పొడిగా ఉంది. ఒక మనిషి కూర్చుంటే ఎంత చోటు పడుతుందో అంతే. అంచు గీసినట్టు ఉంది. చెయ్యి పెడితే చల్లగా కూడా లేదు.

మా ఆయనను పిలిచాను. "కుక్క పండుకోనింటాది" అన్నాడు. నాకూ అదే తోచింది. ఆ సాయంత్రం కుక్కను కట్టేసి, కోళ్లను గంప కింద మూసి, బండి చుట్టూ ముళ్లకంప వేశాడు. పొద్దున కంప కదల్లేదు. సీటు ముందు భాగం మళ్లీ పొడిగానే ఉంది.

కవరులో ఏదో ఉందనుకున్నాం. కానీ ఒకే కవరు అయినప్పుడు వెనక సగం ఎందుకు తడుస్తోంది? పైనున్న వేపచెట్టు మంచుకు అడ్డమనుకుని బండిని ప్రహరీ దగ్గరికి జరిపాం. అక్కడా అంతే. ఎర్ర కవరు మళ్లీ వేసి చూశాం. అది మొత్తం తడిసింది. నల్లది వేస్తే మళ్లీ ముందు భాగం పొడి.

ట్యాంకును మొదట గమనించింది శైలజ. మంచు పట్టి తెల్లబారిన ట్యాంకుకు రెండు వైపులా, అరచెయ్యి కంటే కొంచెం పెద్దవిగా, రెండు పొడి మచ్చలున్నాయి. బండి నడిపే మనిషి మోకాళ్లు ఆనించే చోటు.

మా ఆయన బండి ఎక్కి కూర్చున్నాడు. ఆయన పొడుగు మనిషి. ఆయన మోకాళ్లు ఆ మచ్చలు దాటి బాగా ముందుకు పోయాయి. ఓబులేసు ఆయన భుజం దాకా వచ్చేవాడు. మా ఆయన మెల్లగా దిగి, తువ్వాలు భుజాన వేసుకుని, అన్నం కూడా తినకుండా మంద దగ్గరికి వెళ్లిపోయాడు.

నాకు భయం వేసింది. ఓబులేసంటే కాదు. ఆ బండి మీద నా బిడ్డ గుట్టలు ఎక్కాలి. బండి అమ్మేద్దామన్నాను. శైలజ ఒప్పుకోలేదు. "నన్ను ఆసుపత్రికి మోసింది ఆయప్పేనంటివి గదమ్మా. నన్నేం చేస్తాడు?" అంది. అత్తకు మాత్రం తెలియనివ్వకూడదని ముగ్గురం అనుకున్నాం. అన్నాళ్లు దిగమింగుకున్న మనిషి, ఈ వయసులో ఏమైపోతుందోనని.

శైలజ ఉద్యోగంలో చేరే ముందురోజు, ఎండ ఇంకా రాలేదు. అత్త తడుముకుంటూ వాకిట్లోకి వచ్చింది. బండికి పసుపు కుంకుమ పెడతానంది. ఆపడానికి నాకేమీ తోచలేదు. హ్యాండిలు పట్టుకుని చెయ్యి కొంగుకు తుడుచుకుంది. ట్యాంకు మీద చెయ్యి వేసి మళ్లీ తుడుచుకుంది. తర్వాత ఆమె చెయ్యి సీటు మీదికి వచ్చి ఆగిపోయింది.

వెనకకు జరిపింది. ముందుకు తెచ్చింది. ట్యాంకు పక్కలు తడిమింది.

"ఎన్నాళ్లనుంచి?" అని అడిగింది.

"నల్ల కవరు వేసినకాడ్నుంచి జేజీ" అంది శైలజ.

అత్త ఏడవలేదు. ఆ పొడిచోటు మీద అరచెయ్యి పెట్టి, పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు, మామూలు గొంతుతోనే మాట్లాడింది.

"ఓబులూ, ఈడనే ఉండావా నాయనా? పాప రేపు ఉద్యోగానికి పోతాంది. ట్యాంకు మింద కూచోబెట్టుకోని తిప్పినావే, ఆ పాపే. పెద్దదైంది. బాగానే తోల్తాందంట, మీ అన్న చెప్పినాడు. నువ్వు శానా దూరం తోలినావు. ఇంక చాలు. దిగు నాయనా. పోయి పండుకో."

బండికి బొట్టు పెట్టి లోపలికి పోయింది.

మర్నాడు తెల్లవారుతుండగా అందరం వాకిట్లోకి వచ్చాం. ఆ పొద్దు మంచు ఎక్కువగా పడింది. హ్యాండిలు నుంచి నీళ్లు కారుతున్నాయి. సీటు ముందూ వెనకా ఒక్కటే తడి. ట్యాంకు మీద మచ్చ లేదు.

అత్త సీటును ఈ చివరనుంచి ఆ చివరదాకా తడిమింది. చెయ్యి నీళ్లయింది.

"దిగినాడు" అంది.

అప్పుడు ఏడ్చింది. సీటు మీద తల పెట్టి, దాచుకున్నదంతా ఏడ్చింది. మా ఆయన ఆమె వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఏడుపు ఆగాక ఆమే కొంగుతో సీటంతా తుడిచి, "ఎక్కు పాపా, పొద్దు పోతాంది" అంది. శైలజ జేజి కాళ్లకు మొక్కి బండి ఎక్కింది. ఆ చప్పుడు ఊరు దాటేదాకా విన్నాం.

నల్ల కవరు ఇప్పటికీ ఆ సీటు మీదే ఉంది. తర్వాత ఏ చలికాలమూ అది పొడిగా లేదు. చదువుకున్న బంధువొకాయన, కొత్త స్పాంజి వేడిని పట్టి ఉంచుతుందని ఏదో చెప్పాడు. మరి మోకాళ్ల మచ్చల సంగతేమిటంటే మాట వానల మీదికి మళ్లించాడు. నాకూ తెలియదు. ఇన్నేళ్లు ఆలోచించినా తెలియలేదు.

దయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. కానీ చలికాలంలో శైలజ ఇంటికి వచ్చినప్పుడల్లా, పొద్దున్నే లేచి ఆ సీటు మీద చెయ్యి పెట్టి చూస్తాను. ప్రతిసారీ మంచు తగులుతుంది. అలా తగలడమే మంచిదని నాకు తెలుసు. అయినా ఆ తడి చెయ్యి తుడుచుకోవడానికి కాసేపు మనసొప్పదు.