లాకర్లో వేలాడిన సూటు

పోయిన ఆదివారం టెక్సస్‌లో ఇర్వింగ్ అనే ఊళ్లో మా అమ్మాయి ఇంట్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఈ మధ్యే ఒక కరెంటు కంపెనీలో ఉద్యోగానికి చేరిన మా మనవరాలు తన ఫోన్‌ని నా కళ్లజోడుకు మరీ దగ్గరగా పెట్టి ఒక ఫోటో చూపించింది. పొడవాటి బల్ల చుట్టూ పదకొండు మంది, అందరి పళ్లూ ఒకే డెంటిస్టు చూసుకుంటున్నట్టు ఒకే రకం నవ్వు. అది వాళ్ల డైరెక్టర్ల బోర్డు అట. అందులో ఇద్దరు హిస్పానిక్ వాళ్లట, అంటే స్పానిష్ మాట్లాడే మూలాలవాళ్లు, ఎడమ పక్క కూర్చున్నావిడ చిన్నతనంలో ఉల్లిచేలలో కూలికి వెళ్లిందట.

"తాతా, ఈవిడ మా ఫస్ట్ లాటినా బోర్డ్ మెంబర్. కూల్ కదా?"

కూల్‌గానే ఉందన్నాను. అని, ఫోటోని వేళ్లతో పెద్దది చేసి వెనక గోడ దాకా చూశాను. ఏం వెతుకుతున్నావని అడిగితే, ఇందులో లేనివాళ్లని అన్నాను.

"నువ్వు అన్నీ డౌట్ చేస్తావ్ తాతా," అని ఫోన్ లాక్కుంది.

నిజమే. కాకపోతే ఈ అలవాటు నాకు పుట్టుకతో రాలేదు, ఉద్యోగంలో ఒక పెద్దమనిషి దగ్గర నేర్చుకున్నాను. అనుమానం ఆయన నేర్పాడు, దానికి కారణం నేను సమకూర్చాను.

డెబ్బైల చివర, చదువు ముగించి టెక్సస్‌లో ఒక గ్యాస్ కంపెనీలో ఇంజనీరుగా చేరినప్పుడు నన్ను హ్యూస్టన్ ఆఫీసులో కాకుండా అక్కడికి నాలుగు గంటల దూరంలో, చుట్టూ ముళ్లకంపలు తప్ప మరేమీ లేని కంప్రెసర్ స్టేషన్లో వేశారు. గొట్టంలో వందల మైళ్లు ప్రయాణించి అలిసిపోయిన గ్యాస్‌ని మళ్లీ ముందుకు తోసే పెద్దపెద్ద ఇంజన్లు అక్కడ ఉండేవి, వాటికి తోడు ఏడుగురు మనుషులు. ఏడుగురూ మెక్సికో మూలాలవాళ్లే. మెక్సికో నుంచి వచ్చారని నేననుకున్నాను గాని, ఆ నేల మెక్సికోదైనప్పటి నుంచీ వాళ్ల తాతముత్తాతలు అక్కడే ఉండగా టెక్ససే వాళ్ల మీదికి వచ్చిందని మా స్టేషన్ సూపరింటెండెంటు నాకు మొదటి వారమే సరిచేశాడు. ఆయన్ని నేను మనసులో పెద్దాయన అనుకునేవాణ్ణి, ఇప్పటికీ అంతే. పదహారేళ్లకు గొట్టాలు అతికే పనిలో చేరి, చదువు అక్కడితో ఆగిపోయి, ఇరవై ఎనిమిదేళ్లలో స్టేషన్ పెద్ద అయిన మనిషి. ఇంజను గదిలోకి అడుగుపెడుతూనే మూడోది దగ్గుతోందనో, అయిదోది అబద్ధం చెబుతోందనో అనేవాడు. విప్పి చూస్తే అంతే ఉండేది.

ఆయన ఎవరినీ సులువుగా నమ్మేవాడు కాదు. మాతో చేతులు కలిపేటప్పుడు గ్లవ్ తీసేవాడు కాదు. హ్యూస్టన్ నుంచి ఎవరైనా వస్తే మాత్రం మర్యాదగా తీసేవాడు. ఒకసారి పైవాళ్లు ఊరికే డోనట్ల పెట్టె తెచ్చినప్పుడు, "ఇంజనీరూ, ముందు ఎందుకు తెచ్చారో కనుక్కో, తర్వాత తిందాం," అన్నాడు. కనుక్కునేలోపు మిగతావాళ్లు తినేశారు.

ఆ స్టేషన్లో ఒక ఆచారం ఉండేది. పొద్దున రాగానే అందరూ తమ టోర్టిల్లాలు, మన చపాతీల్లాంటి రొట్టెలు, వెండికాగితంలో చుట్టి, రెండో ఇంజను పక్కన ఎప్పుడూ వేడిగా ఉండే ఒక ఇనుప పలక మీద పెట్టేవారు. ఏ పొట్లం ఎప్పుడు తిప్పాలో పెద్దాయన చూసేవాడు. నేను చేరిన కొత్తలో మా ఆవిడ కట్టిచ్చిన చపాతీలు చల్లగా తింటుంటే చూసి, మర్నాటి నుంచి నా పొట్లం కూడా ఆయనే తీసుకుని అక్కడ పెట్టసాగాడు. ఆవకాయ పరిచయం చేసింది నేనే. రెండు నెలల్లో సీసా వాళ్ల చేతికి వెళ్లిపోయింది, నాకు కావాలంటే అడిగి వేయించుకునేవాణ్ణి.

ఇంకో ఆచారం కూడా ఉండేది, దాన్ని ఆచారమనే అంటున్నాను, వేరే మాటలు ఉన్నాయి గాని. హ్యూస్టన్‌కి పంపే రిపోర్టు మీద డిగ్రీ ఉన్న ఇంజనీరు సంతకం ఉండాలని రూలు. అందుకని పెద్దాయన ఇంజన్ల మధ్య నడుస్తూ చెప్పేవాడు, నేను వెనకాలే నడుస్తూ రాసుకునేవాణ్ణి. ఏ ఇంజన్ని ఎప్పుడు ఆపి, ఏ వరసలో నడిపితే ఇంధనం ఎంత మిగులుతుందో ఆయనకు చెవితో తెలుసు. నేను దానికి లెక్కలు కట్టి, ఇంగ్లీషు తొడిగి పంపేవాణ్ణి. మొదటి రిపోర్టు మీద ఇద్దరి పేర్లూ రాశాను. హ్యూస్టన్లో టైపు చేసి ముద్రించినప్పుడు ఒక పేరే మిగిలింది. పొరపాటు కాబోలు అనుకుని, రెండోసారి వాళ్లకు శ్రమ ఎందుకని నేనే ఒక పేరు రాశాను. అప్పట్లో నేను చాలా సహకరించే మనిషిని.

ఎనభైల మొదట్లో కంపెనీ దక్షిణాన, మెక్సికో సరిహద్దులో ఉన్న రియో గ్రాండ్ నది లోయ మీదుగా కొత్త లైను వేయాలనుకుంది. అక్కడి రైతులు మీటింగులో లేచి, మా నేలలో గొట్టం పాతుతారు, మా పిల్లలు దాన్ని అతుకుతారు, మీ బోర్డులో మావాడు ఒక్కడైనా ఉన్నాడా అని అడిగారట. ఎవరూ అంతవరకూ అడగలేదు కాబట్టి కంపెనీకి జవాబు సిద్ధంగా లేదు. పైప్‌లైన్ కోసం పెట్టిన అనుబంధ సంస్థ బోర్డులో ఒక కుర్చీ హిస్పానిక్‌కి ఇస్తామని, అదీ లోపల పనిచేసేవాడికే ఇస్తామని ప్రకటించారు.

దేన్నీ నమ్మని పెద్దాయన దీన్ని నమ్మాడు. పైకి మాత్రం, ఇందులో ఏదో మెలిక ఉంటుంది చూడు అనేవాడు. అంటూనే, ముదురు నీలం సూటు ఒకటి భార్యచేత సరిచేయించి, ప్లాస్టిక్ తొడుగులో తెచ్చి స్టేషన్లోని తన లాకర్లో వేలాడదీశాడు. పిలుపు వస్తే ఇంటికి వెళ్లి మార్చుకునే టైము ఉండదట. మిగతావాళ్లు రోజూ లాకర్ ముందు ఆగి, "గుడ్ మార్నింగ్, మిస్టర్ డైరెక్టర్," అని సూటుకి నమస్కారం పెట్టి పోయేవారు.

ఆ రోజుల్లోనే వైస్ ప్రెసిడెంటు ఒకాయన స్టేషన్ చూడడానికి వచ్చాడు. సరిగ్గా మా భోజనాల వేళ. ఏడుగురి మధ్య కూర్చుని, వేడి చపాతీ చుట్టి, పచ్చిమిరపకాయ కొరుకుతున్న నన్ను చూసి, తనకు వచ్చిన ఒకే ఒక స్పానిష్ మాటతో పలకరించాడు. నాకు వచ్చిన మూడింటిలో ఒకటి తీసి నేను తిరిగి ఇచ్చాను. నా పేరు చివర రావు ఉంది, ఇంగ్లీషులో రాస్తే అది చాలా స్పానిష్ పేర్లలాగే 'O' అక్షరంతో ముగుస్తుంది. మీసం కూడా ఉండేది. నన్నూ హిస్పానిక్ అనుకోవడానికి ఆయనకు అంతకంటే ఆధారాలు అవసరం లేకపోయాయి.

రెండు వారాల తర్వాత హ్యూస్టన్‌కి రమ్మని ఫోను వచ్చింది. కారణం చెప్పలేదు. మా ఆవిడకి అప్పుడు ఏడో నెల. "ఉద్యోగం తీసేయడానికేమోనండీ. మర్యాదస్తులు కదా, కార్పెట్ ఉన్న గదిలో చెబుతారు," అంది. నా గ్రీన్‌కార్డు కాగితాలు అప్పుడు కంపెనీ చేతిలోనే ఉన్నాయి. అలాంటి రిపోర్టులు రాయగలవాడు ఈ దేశంలో దొరకలేదని కంపెనీ ప్రభుత్వానికి రాసి ఇచ్చింది, నా కేసంతా ఆ వాక్యం మీదే నిలబడి ఉంది.

కార్పెట్ ఉన్న గదే. వైస్ ప్రెసిడెంటు, పక్కన పర్సనెల్ డిపార్ట్‌మెంటు ఆయన. కాఫీ కాగితం కప్పుల్లో కాకుండా పింగాణీలో ఇవ్వడంతో నా భయం ఇంకా పెరిగింది. రిపోర్టులు ఎంతో మెచ్చుకుని, ఆ కుర్చీ కోసం నన్ను బోర్డుకి పరిచయం చేస్తూ రాసిన కాగితం చేతికిచ్చారు. అందులో నేను రియో గ్రాండ్ లోయ కన్న బిడ్డను. చదవడానికి హాయిగా ఉంది, ఎవరి గురించో అయితే.

మాదీ నదిపక్క ఊరేననీ, అయితే ఆ నది పేరు కృష్ణ అనీ చెప్పాను. ముగ్గురమూ గట్టిగా నవ్వుకున్నాం. నేను నిజాయితీపరుణ్ణని వైస్ ప్రెసిడెంటు అన్నాడు కూడా. ఆ మాట దగ్గర లేచి వచ్చేసి ఉంటే ఇది సరదా కథగానే మిగిలేది.

ఆయన నా రిపోర్టుల కట్ట మీద చెయ్యి వేసి, మీ సూపరింటెండెంటు ఎలాంటివాడు, ఇలాంటివి ఏమైనా రాయగలడా అని అడిగాడు. పర్సనెల్ ఆయన ముందు ఇంకో ఫైలు ఉంది, నా గ్రీన్‌కార్డుది. ఆ రెండు కట్టల మధ్య ఎంతసేపు చూశానో తెలియదు.

"చాలా అనుభవం ఉన్న మనిషి," అన్నాను. "రాయడం మాత్రం అంతగా అలవాటు లేదు."

రెండు వాక్యాలూ నిజాలే. ఎవరు ఎక్కడ ప్రమాణం చేయమన్నా చేయగలను. నవ్వు తెప్పించే పొరపాటును వెంటనే దిద్దాను, నాకు పనికొచ్చే పొరపాటును అలాగే ఉంచాను.

మూడు రోజులకు పెద్దాయనకు తెలిసింది, పర్సనెల్ ఆయన ఫోన్లో చెప్పాడట. నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఇంజనీరూ, నాకు రాయడం రాదని చెప్పావట."

"అలవాటు లేదన్నాను."

"నిజమే," అని వెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం నా పొట్లం నేను పెట్టిన బల్ల మీదే ఉంది, చల్లగా. ఆవకాయ సీసా తెచ్చి నా పక్కన పెట్టారు. లాకర్లో సూటు ఇంకో నెల దాకా వేలాడింది గాని, దానికి గుడ్ మార్నింగులు ఆగిపోయాయి. ఒక రోజు చూస్తే హ్యాంగరొక్కటే ఉంది. కుర్చీని లోపలివాడికి ఇస్తామన్నది మరిచిపోయి, శాన్ ఆంటోనియో నుంచి ఒక హిస్పానిక్ లాయరుని కూర్చోబెట్టి ఫోటో వేశారు. ఆయన మంచివాడే, గొట్టంలో గ్యాస్ ఎటు నుంచి ఎటు పోతుందని మొదటి రోజే అడిగాడట, అడిగినందుకు మెచ్చుకోవాలి.

నాకు గ్రీన్‌కార్డు వచ్చింది, అమ్మాయి పుట్టింది, ప్రమోషన్ మీద హ్యూస్టన్ వచ్చాను. అక్కడ నా పని స్టేషన్ల నుంచి వచ్చే కాగితాలు చూడడం. ఒక రోజు పెద్దాయన దగ్గర నుంచి రిపోర్టు వచ్చింది, గీతల కాగితం మీద పెన్సిల్‌తో, అన్నీ పెద్ద అక్షరాలు, స్పెల్లింగులు ఆయన ఇష్టం. నా తర్వాత ఎవరినీ వెనకాల నడవనివ్వలేదన్నమాట, తనే రాస్తున్నాడు. స్పెల్లింగులు తప్ప ఏదీ ముట్టకుండా, ఆయన పేరొక్కటే పెట్టి టైపు చేయించి పైకి పంపాను. చాలా బాగుందన్నారు. అప్పటికి కుర్చీ నిండిపోయింది.

ఆయన రిటైరైన రోజున స్టేషన్‌కి వెళ్లాను. ఆ నీలం సూటు ఆ రోజు వేసుకుంటాడేమోనని చూశాను, వేసుకోలేదు. పని బట్టల్లోనే ఉన్నాడు. అందరితో చేతులు కలుపుతూ నా దగ్గరికి వచ్చి, ఆగి, మర్యాదగా గ్లవ్ తీశాడు.

ఇప్పుడు ఆ ఇంజన్లు లేవు, కరెంటువి పెట్టారట, వాటిమీద ఏదీ వేడెక్కదు. ప్రతి ఆఫీసులోనూ మైక్రోవేవ్ ఉంది, ఎవరి చపాతీ వాళ్లు వేడి చేసుకుంటారు, అంచులు కాలి నడుమ చల్లగా. బోర్డుల్లో మా కాలంలో లేని ముఖాలు కూర్చున్నాయి. సంతోషమే, నేను అనుమానించేది వాళ్లని కాదు. ఆ బల్ల చుట్టూ ఉన్న పదకొండు మందిలో ఒక్కరైనా 'చాలా అనుభవం ఉన్న మనిషి' అని ఎవరి గురించో మెల్లిగా చెప్పి అక్కడి దాకా వచ్చారేమో అన్నదే నా అనుమానం.

ఆ ఆదివారం ఫోన్ తీసుకుపోతూ మనవరాలు అడిగింది, మీ రోజుల్లో మీ కంపెనీలో హిస్పానిక్ వాళ్లెవరూ లేరా, అని. ఒకాయన బోర్డుకి తగినవాడు ఉండేవాడని చెప్పాను. మరి ఎందుకు కాలేదంటే, డిగ్రీ లేదు అన్నాను. నలభై ఏళ్లుగా ఎవరడిగినా చెబుతున్న జవాబే అది, అదీ నిజమే. రెండో జవాబు ఇన్నాళ్లకు ఇక్కడ రాశాను. ధైర్యం వచ్చి రాశానని అనుకున్నాను గాని, నన్ను నేను కూడా అంత సులువుగా నమ్మను. మా మనవరాలికి తెలుగు చదవడం రాదు.