హాజరులో లేని ఏడోవాడు

వీధిలో అందరూ మిలిటరీ అని పిలిచే పెద్దాయన దగ్గర చొక్కా ఇస్త్రీకి ఇస్తే, ముందు దాని చేతులు రెండూ పక్కపక్కన పరిచి చూస్తాడు. సమానంగా ఉన్నాయని తేలాకే నీళ్ళు చిలకరిస్తాడు. "కుట్టిన దర్జీకి లేని అనుమానం నీకెందుకయ్యా?" అని జనం నవ్వుతారు. ఆయనా నవ్వుతాడు. చూడటం మాత్రం మానడు.

ఇంకో అలవాటు కూడా ఉంది. తీగ మీద ఆరు చొక్కాలు వేలాడుతుంటే ఏడోది తగిలించడు, మడిచి బల్ల మీద పెడతాడు. తడి గుడ్డ మీద ఇస్త్రీ పెట్టె ఆనించగానే ఉస్సుమని వస్తుందే ఆవిరి చప్పుడు, అప్పుడొక్క క్షణం పెట్టె ఎత్తి, మెడ వంచి వింటాడు. ఎవరో ఊపిరి పీల్చినట్టు ఉంటుంది ఆ చప్పుడు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆయనకి చెవుడనుకుంటారు.

మెట్ల కింద కొట్టు. నిటారుగా నిలబడితే తల తగులుతుంది. కరెంటు పెట్టె కొనిస్తానని పోస్టాఫీసులో పనిచేసే కూతురు పదేళ్ళుగా పోరుతోంది. వద్దంటాడు, నిప్పు కంటికి కనపడాలంటాడు. కుడికాలికి రెండు వేళ్ళు లేవు. వాటిని మంచు తినేసింది. చేతివేళ్ళు మాత్రం పదీ ఉన్నాయి. వాటితోనే ముప్ఫై ఏడేళ్ళుగా వీధి వీధంతటి చొక్కాలూ ఇస్త్రీ చేస్తున్నాడు.

ఆయన సర్వీసు కాగితంలో "పొందిన పతకాలు" అని ఒక గడి ఉంది. అందులో ఒక అడ్డగీత. కొండ మీద మంచులో పహరా కాసినవాళ్ళకిచ్చే మెడల్ లేదు, గాయపడినవాళ్ళకిచ్చే మెడల్ కూడా లేదు. చాలాకాలం ఆయన పట్టించుకోలేదు. "గీతే కదా, ఉండనీ. సున్నా పెట్టలేదు, సంతోషం" అనేవాడు. మొన్న చలికాలం దాకా అదే మాట.

ఆ చలికాలంలో ఒక మధ్యాహ్నం పిట్ట చెల్లెలు కొట్టుకొచ్చింది.

పిట్ట అంటే ఆయనతోపాటు కొండెక్కిన సిపాయి. సన్నగా, ఎప్పుడూ ఈల వేస్తూ ఉండేవాడని అందరూ అలా పిలిచేవాళ్ళు. దిగి రాలేదు. వాడి చెల్లెలు ఒక బడిలో లైబ్రరీ చూసి రిటైరైంది. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా మిలిటరీ ఏడాదికి రెండుసార్లు ఆమె ఇంటికెళ్ళి వస్తాడు. ఆమె అన్నయ్యా అంటుంది, ఆయన చెల్లెమ్మా అంటాడు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆమెకీ, అప్పటికింకా బతికున్న వాళ్ళమ్మకీ ఒక మాట చెప్పాడు: "నిద్రలో పోయాడమ్మా. పొయ్యి పక్కన, వెచ్చగా, నా భుజం మీద తల పెట్టుకుని." ఆ మాట పట్టుకుని ఆ ఇల్లు ఇన్నేళ్ళు బతికింది.

ఇప్పుడు ఆమె చేతిలో రికార్డ్స్ ఆఫీసు ఉత్తరం ఉంది. పిట్ట చదివిన బడిలో వాడి పేరు గోడ మీద చెక్కిస్తామంటే, వివరాల కోసం రాసిందట. కొట్టు గుమ్మంలో నిలబడే అడిగింది, లోపలికి రాలేదు.

"అన్నయ్యా, నువ్వు అక్కడ లేవంట."

"ఎవరన్నారు?"

"సర్కారు అంది. కొండ మీద కాపలా పోస్టులో ఉన్నది ఆరుగురు, ఆరుగురూ పోయారు. నువ్వు కింద క్యాంపులో వంటింట్లో ఉన్నావంట. ఇదిగో, స్టాంపు కూడా వేశారు."

ఆయన పెట్టె పక్కన పెట్టాడు.

"నువ్వు లేకపోతే, మా అన్న ఎవరి భుజం మీద తల పెట్టుకున్నట్టు? అమ్మకి అబద్ధం చెప్పావా?"

జవాబు కోసం ఆమె నిలబడలేదు.

అసలు జరిగింది ఇది. ఆ యూనిట్లో ఒక అలవాటు ఉండేది. పై పోస్టుకి వెళ్ళేవాడు తన పే బుక్కుని, అంటే పేరూ నంబరూ జీతం వివరాలూ ఉన్న చిన్న పుస్తకాన్ని, క్యాంపు వంటవాడికిచ్చి వెళ్ళేవాడు. వంటవాడు అన్నిటినీ ఖాళీ బిస్కెట్ల డబ్బాలో దాచేవాడు. పైన మంచుకి కాగితం నానిపోతుందనేది చెప్పుకునే కారణం. చెప్పుకోని కారణం, పుస్తకం కింద ఉంటే మనిషి దాని కోసమైనా తిరిగొస్తాడని. ఆ ఏడాది కొత్తగా వచ్చిన గుమస్తా చలికాలం హాజరు రాయాల్సొచ్చి, కొండెక్కి లెక్కపెట్టే పని లేకుండా డబ్బా మూత తీశాడు. పుస్తకం క్యాంపులో ఉంటే మనిషీ క్యాంపులోనే ఉన్నట్టు రాసేశాడు. అలా ఏడుగురూ కాగితం మీద వంటింట్లో వెచ్చగా కూర్చున్నారు.

ఆరుగురి లెక్క తర్వాత సరిచేశారు, శవాలు కొండ మీద దొరికాయి గనక. ఏడోవాడు బతికి దొరికాడు. వేరే యూనిట్ వాళ్ళు స్ట్రెచర్ మీద దింపి ఆసుపత్రిలో పడేసి వెళ్ళారు. స్పృహలో లేనివాడిని పేరెవరడుగుతారు? నాలుగు రోజులకి తెలివొచ్చి చెప్పుకుంటే, హాజరు చూసి "క్యాంపు నుంచి వచ్చిన రోగి" అని రాసుకున్నారు. మన దేశభక్తి తీరిది. చచ్చినవాడి పేరు రాయిలో చెక్కుతాం, బతికొచ్చినవాడిని మాత్రం నువ్వు అక్కడున్నట్టు ఏంటి రుజువు అని నిలదీస్తాం.

ఆ సాయంత్రమే కూతురు చేత దరఖాస్తు రాయించాడు. మెడల్ కావాలని ఒక్క ముక్క కూడా చెప్పలేదు. "నేను ఉన్నానని రాయమను" అన్నాడు, అంతే. కూతురే సరైన ఫారం వెతికి నింపింది. ఆ గీత కొట్టేసి రెండు మెడల్స్ ఎక్కిస్తేనే, ఆయన అక్కడ ఉన్నట్టు సర్కారు ఒప్పుకున్నట్టు.

రెండు నెలలకి జవాబొచ్చింది: అదే పోస్టులో, అదే కాలంలో పనిచేసిన ఇద్దరు సాక్షుల సంతకాలు జతచేయవలెను.

ఆయన భార్య అది విని బుగ్గలు నొక్కుకుంది. "ఆరుగుర్నీ లేపుకొచ్చి సంతకం పెట్టించాలా? నేను పెడతానని రాయవే. మధ్యాహ్నం కునుకు తీసినప్పుడల్లా 'హాజర్' అని అరుస్తాడు ఈ మనిషి. వంటింట్లో ఉన్నోడు అలా అరుస్తాడా? అసలు ఈయన వంటింట్లో ఉన్నాడంటే నేనే నమ్మను, ఇప్పటికీ ఉప్పు డబ్బా ఏదో తెలీదు."

కూతురు నవ్వింది. ఆయన నవ్వలేదు.

సెలవు పెట్టి తండ్రీకూతుళ్ళు రికార్డ్స్ ఆఫీసుకెళ్ళారు. మూడు కౌంటర్లు తిప్పారు. ఒకాయన "పెద్దాయనా, ఈ వయసులో మెడల్ పెట్టుకుని ఎక్కడ తిరుగుతావు?" అన్నాడు. "నీ ఎదురుగా" అంది కూతురు. నాలుగో కౌంటర్‌లో ఉన్నావిడ మాత్రం కాగితం పూర్తిగా చదివింది. సాక్షులు లేనప్పుడు ఇంకో దారి ఉందట. అక్కడ ఉన్నవాడికి తప్ప తెలియని సంగతి ఏదైనా ప్రమాణపత్రం మీద రాసివ్వాలి, దానికి బయటినుంచి ఒక ఆధారం తోడవ్వాలి. ఆవిడే పాత ఫైళ్ళు తీయించి నకళ్ళు పంపింది.

నకళ్ళు వచ్చిన రోజు కూతురు కొట్టులోనే స్టూలు మీద కూర్చుని చదువుతోంది. ఆసుపత్రి ఫైలులో ఒక నర్సు రాసిన పట్టీ ఉంది, రోగి ఒంటి మీద నుంచి కత్తిరించి తీసిన బట్టలది.

"నాన్నా, ఇదేంటి? 'ఊలు స్వెట్టర్లు రెండు. ఒకటి మిలిటరీది. రెండోది నీలం, చేతి అల్లిక, ఎడమ చెయ్యి పొడుగు.' ఈ రెండోది ఎవరిది?"

ఆయన తలొంచుకుని చొక్కా మీద పెట్టె ఆనించాడు. ఆమె పేజీ తిప్పింది. అది శవాల మీద దొరికిన వస్తువుల పట్టీ. పిట్ట పేరు దగ్గర చొక్కా, ప్యాంటు, బూట్లు, గడియారం. అడుగున ఎవరో చిన్నగా రాశారు: ఇతని ఒంటిపై మాత్రమే స్వెట్టర్ లేదు.

కాలిన వాసన వచ్చి ఆమె తలెత్తింది. పెట్టె చొక్కా మీదే ఉంది. ఆయన చెయ్యి పెట్టె మీదే ఉంది. ముప్ఫై ఏడేళ్ళలో ఆయన కాల్చిన మొదటి చొక్కా అది.

"నాన్నా, ఇది చాలు" అంది కూతురు, మెల్లగా. "వాళ్ళడిగిన రుజువు ఇదే."

"తెలుసు."

"మరి ఇన్నాళ్ళూ..."

"ఎవరూ అడక్కూడదని మొక్కుకున్నాను."

ఆదివారం పొద్దున పిట్ట చెల్లెలి ఇంటికెళ్ళారు. తలుపు తీసింది, కూర్చోమంది, అన్నయ్యా అనలేదు. గోడ మీద పిట్ట ఫోటో, ఈల వేయబోతున్నట్టు పెదాలు. ఆయన దానికి ఎదురుగా కాకుండా పక్కకి జరిగి కూర్చున్నాడు.

"వాడికి నువ్వొక నీలం స్వెట్టర్ అల్లావు, చెల్లెమ్మా. ఎడమ చెయ్యి పొడుగు."

ఆమె ముఖం తెల్లబోయింది. ఇన్నేళ్ళలో ఆమె ఆ మాట ఎవరితోనూ అన్లేదు. ఆ స్వెట్టర్ తిరిగి రాలేదని ఆమె లోపల ఒక మూల ఎప్పుడూ వెతుక్కుంటూనే ఉంది.

"పొయ్యి నాలుగోరోజే ఆరిపోయింది" అన్నాడాయన. "కిరసనాయిలు అయిపోయింది. కప్పు సగం కూలి ఇద్దరు పోయారు. తర్వాత ఒక్కొక్కరు. చివరికి వాడూ నేనూ మిగిలాం. వాడు నిద్రలో పోలేదు. చాలా ఏడ్చాడు. మీ అమ్మని పిలిచాడు, నిన్ను పిలిచాడు. ఏడోరోజు పలకడం మానేశాడు. నేను పిలిచాను. పలకలేదు. స్వెట్టర్ తీసి వేసుకున్నాను."

ఆయన నేల వంక చూస్తూనే చెప్పుకుపోయాడు.

"ముక్కు దగ్గర వేలు పెట్టి చూడలేదమ్మా. చూస్తే ఊపిరి ఉంటుందేమోనని. ఉంటే తియ్యలేను కదా. తీస్తుంటే ఎడమ చెయ్యి ఇరుక్కుంది. లాగాను. రెండు రోజులకి మనుషులొచ్చారు."

ఆమె లేచి లోపలికెళ్ళింది. వెళ్ళిపొమ్మని అర్థమేమోనని కూతురు సంచీ తీసుకుంది. ఇంతలో ఆమె ఒక పాత ఉత్తరం తెచ్చి బల్ల మీద పెట్టింది. పిట్ట రాసింది: "ఎడమ చెయ్యి అంత పొడుగేంటే? నాకు మూడో మోచెయ్యి ఉందనుకున్నావా? అయినా రేపు పైకెళ్ళేటప్పుడు ఇదే వేసుకెళ్తా, ఎవడు నవ్వినా సరే." కింద తారీఖు ఉంది.

స్వెట్టర్ తానే అల్లానని ప్రమాణపత్రం కింద రాసి సంతకం పెట్టింది. ఉత్తరం నకలు తీసుకోమంది. గుమ్మం దాకా వచ్చి, ఎటో చూస్తూ "ఉన్నావు. నువ్వు అక్కడే ఉన్నావు" అంది. తలుపు వేసేసింది.

ఆ తర్వాత ఏడు నెలలు ఆమె నుంచి కబురు లేదు. ఆయన వెళ్ళలేదు. కొట్టులో ఆవిరి ఉస్సుమన్నప్పుడల్లా పెట్టె ఎత్తడం ఎక్కువైంది. ఒక్కో రోజు ఒక చొక్కాకి పదిసార్లు. పని సాగక, భార్య వచ్చి పక్కన కూర్చుని మడతలు పెట్టేది. జోకులు మానేసింది.

ఎనిమిదో నెలలో రిజిస్టర్డ్ పోస్టులో చిన్న అట్టపెట్టె వచ్చింది. కూతురే సంతకం పెట్టి తెచ్చింది. కొత్త సర్వీసు కాగితంలో గీత లేదు. ఆ చోట రెండు మెడల్స్ పేర్లు, పోస్టు పేరు, తొమ్మిది రోజుల తారీఖులు. క్షమించమని ఒక్క ముక్క లేదు. రెండు మెడల్స్ ప్లాస్టిక్ సంచిలో ఉన్నాయి, బొత్తాల్లా. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఒక మనిషిని అబద్ధాలకోరుని చేసి, పోస్టు ఖర్చుతో చేతులు దులుపుకున్నారు.

ఆయన మెడల్స్ ఇంట్లో వదిలేసి, కాగితం జేబులో పెట్టుకుని ఒక్కడే పిట్ట చెల్లెలి ఇంటికి వెళ్ళాడు. ఆమె కళ్ళజోడు పెట్టుకుని ఆ వరుస రెండుసార్లు చదివింది. మడిచి తిరిగిచ్చింది. కిటికీ వంక తిరిగింది.

"వెచ్చగా ఉండేదా, అన్నయ్యా?"

ఆ పిలుపు వినపడి ఏడాది కావస్తోంది.

"ఉండేది" అన్నాడు.

"ఆ పొడుగు చెయ్యి?"

"నా రెండు చేతులూ అందులోనే దూర్చి కూర్చునేవాణ్ణి. బయటికి తియ్యలేదు."

ఆమె ఆయన చేతుల వంక చూసింది. మోకాళ్ళ మీద ఉన్నాయవి, బొగ్గు మసితో. ఒక్కొక్క వేలే చూస్తూ వెళ్ళింది. పదీ ఉన్నాయి.