షమా కుట్టిన పాలెం

సముద్రం మింగేసిన ఊరు మళ్లీ కళ్లెదుట నిలబడితే ఎలా ఉంటుందో నేను చూశాను. అదీ ముత్తుకూరులో, మిట్టమధ్యాహ్నం, ఫ్యాను కింద కూర్చుని, చేతిలో టీ గ్లాసు పెట్టుకుని! ఆ టీ తాగడం మరిచిపోయానంటే మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ నమ్మరు.

ముత్తుకూరు సెంటర్లో టిఫిన్ బండ్లు దాటగానే మెట్ల పక్కన ఒక ఇరుకు గది ఉంటుంది. నూర్ స్టూడియో. అమీర్ బాషా తన తల్లి నూర్‌బీ పేరు మీద పెట్టాడు. ఆయన పోయాక కూతురు షమా నడుపుతోంది. ఆమె భర్త నవాజ్ డ్రోన్ ఎగరేసి పెళ్లిళ్లు తీస్తాడు. స్టూడియోలో కూర్చుని వాటిని చక్కదిద్దేది షమా. పెళ్లికొడుకు మొటిమలు మాయం చేస్తుంది. కళ్లు మూసుకున్న మేనమామకు ఇంకో ఫోటోలోంచి కళ్లు తెచ్చి పెడుతుంది. రిటైరయ్యాక నాకు అదొక వేడుక. రోజూ పేపరు చదివే వంకతో వెళ్లి ఆమె వెనక కుర్చీలో కూర్చుంటాను.

నేను చాలా ఏళ్లు ఏటిమొగపాలెం బళ్లో పాఠాలు చెప్పిన అయ్యోరిని. వాగు సముద్రంలో కలిసేచోట, ఇసుకదిబ్బ మీద ఉండేది ఆ పాలెం. చేపలు పట్టే పట్టపువాళ్ల ఇళ్లు. ప్రతి తుఫానుకూ ఒడ్డు కోసుకుపోతూ వచ్చింది. ముందు గుడిసెలు పోయాయి, తర్వాత నా బడి పోయింది, ఆఖరికి డాబాలూ పోయాయి. జనం రోడ్డు పక్క కాలనీకి మారారు. ఇప్పుడు పాలెం ఉన్నచోట పడవ మీద తిరగాలి.

ఆ కాలనీ పెద్దకాపు చిన్నపోలయ్య ఒకరోజు స్టూడియోకొచ్చాడు. పట్టపువాళ్లలో పెద్దకాపు మాటంటే ఊరి మాట.

“పాపా, మేం కొత్త హాలు కట్టుకున్నాం. పెండ్లిండ్లూ పంచాయితీలూ ఇంక దాంట్లోనే. గోడకి మా పాలెం ఫోటో కావాల. ఈ చివర్నించి ఆ చివరికి!”

“పాలెం ఫోటో యాడుంది కాపన్నా?” అంది షమా.

“అదేంది! మీ నాయిన జీవితమంతా మా పాలెంలో ఫోటోలు తీసినాడు గదా.”

“మిమ్మల్ని తీసినాడు. పాలేన్ని తీలా.”

నిజమే. రీలు రోజుల్లో మనిషి లేని ఫోటో తియ్యడమంటే అమీర్ బాషాకు పాపం చేసినట్టు. ఇక పాలెంవాళ్ల పట్టింపు వాళ్లది. ఫోటో అంటే వెనక సముద్రం పడాల్సిందే. పెళ్లయినా, బిడ్డకు చెవులు కుట్టినా, కొత్త పడవ దించినా, అందరూ సముద్రానికి వీపు పెట్టి వరసగా నిలబడేవారు. మధ్యలో మనుషులు. పక్కల్లో ఊరు తునకలుగా పడేది. ఇంత కప్పు, అర అరుగు, ఒక పడవ ముక్కు.

షమా పెన్ను నోట్లో పెట్టుకుని కాసేపు ఆలోచించింది.

“అయితే మీ పెట్టెల్లో ఉండే ఫోటోలన్నీ తెండి. ముందరుండే మనుషుల్ని తీసేసి వెనకుండే తునకలు కలుపుతా.”

“కలస్తాయా?”

“తెలీదన్నా. చూస్తాం.”

మర్నాటినుంచి కాలనీకి కాలనీ స్టూడియోకి దిగింది. ఉప్పునీళ్లు తగిలి అట్టలైపోయిన ఆల్బమ్‌లు, కవర్లలో చుట్టిన ఫోటోలు. ఎస్తేరమ్మ తన పెళ్లి ఫోటోను రొమ్ముకు హత్తుకుని తెచ్చింది.

“జాగర్తమ్మో! నేను ఒకప్పుడు సన్నంగా ఉన్న్యానంటే దానికి సాక్షం ఇదొక్కటే.”

మాలకొండమ్మ మాత్రం ఉత్త చేతులతో వచ్చింది. ఆమె భర్త పోలేరయ్య చాలా ఏళ్ల కిందట సముద్రం మీద వేటకు పోయి తిరిగిరాలేదు.

“మా ఇంటాయన ఫోటో ఒక్కటీ లేదు పాపా. కెమెరా కనబడితే పక్కకు పొయ్యే మనిషి. ‘నన్నేంది తీసేది, చేపల్ని తియ్యి’ అనేవాడు. వీటన్నిట్లో యాడన్నా, ఒక మూలన్నా, పడుంటాడేమో చూస్తావా?”

“ఎట్లా ఉంటాడవ్వా?”

“ఎట్లా అంటే ఏం చెప్పేది... పొడుగ్గాదు, పొట్టీ గాదు. మనిషి మాదిరే ఉంటాడు.”

“అట్లయితే పాలెమంతా నీ మొగుడే మ్మే!” అంది ఎస్తేరమ్మ. అందరూ పకపకా నవ్వారు. మాలకొండమ్మా నవ్వింది. వాళ్లు వెళ్లేదాకా ఆగి షమా దగ్గరికి జరిగింది.

“గొంతు గుర్తుండాది పాపా. మొఖమే రోజుకింత జారిపోతా ఉండాది. అది పూర్తిగా పోకముందు ఒకసారి చూసుకోవాల.”

షమా తల ఊపింది.

ఇక పని మొదలైంది. ఏ రెండు ఫోటోలకూ పొంతన లేదు. ఒకటి ఎర్రబారింది, ఒకటి పసుపు తిరిగింది. ఒకదాంట్లో నీడలు పొద్దుటివి, ఇంకోదాంట్లో సాయంత్రానివి. కెమెరా ఒకచోట ఎత్తులో, ఒకచోట మోకాళ్ల దగ్గర. రెండు రోజులు కుస్తీ పట్టి షమా విసుక్కుంది. మూడోరోజు ఉన్నట్టుండి కుర్చీలో నిటారుగా లేచి కూర్చుంది.

“అయ్యోరా, అన్నీ మారినాయి గానీ, ఒకటి మారలా చూడండి.”

సముద్రం గీత! నీళ్లూ ఆకాశమూ కలిసేచోటి ఆ సన్న గీత. ఏ ఏడు తీసినా, ఎవరి పెళ్లిలో తీసినా, వెనక అది ఉంది. షమా కంప్యూటర్లో ఆ గీతను అడ్డంగా లాగి, దండెం మీద బట్టలారేసినట్టు ఫోటోలన్నిటినీ దానికి తగిలించింది. పెద్దదాన్ని చిన్నది చేసి, వంకరదాన్ని తిప్పి, పక్కపక్కకు జరుపుతూ పోయింది.

నేను టీ మరిచిపోయింది అప్పుడే. ఎస్తేరమ్మ పెళ్లి ఫోటో కుడి అంచున ఒక అరుగు సగం ఉంది. ఇంకెవరి బిడ్డకో చెవులు కుట్టిన ఫోటో ఎడమ అంచున అరుగు సగం ఉంది. షమా మెల్లగా జరిపింది. రెండూ కలిశాయి. అరుగు మీది పగులు కూడా కలిసింది! ఎవరో ఏళ్ల కిందట విరగ్గొట్టిన అప్పచ్చిని దేవుడు వచ్చి అతికించినట్టుంది. ఆ అరుగు మీద కూర్చుని నేను ఎన్నిసార్లు మజ్జిగ తాగానో!

ఆ తర్వాత ఊరు తనంతట తానే నడిచొచ్చినట్టుంది. పెళ్లికూతుర్ని చెరిపితే అక్కడ పడే బొక్కకు వేరే ఫోటోలోంచి కొట్టం దొరికేది. ముందర నిలబడ్డవాళ్లను తీశాక, వెనక అడ్డంగా తిరిగే జనాన్నీ షమా చకచకా తుడిచేసింది. చివర్లో పైన ఒకే ఆకాశం కప్పింది.

అచ్చు వేసేముందు ఒకసారి చూపిద్దామని నవాజ్ పెళ్లిళ్లకు వాడే పెద్ద తెర కాలనీ హాల్లో పెట్టాడు. జనం చాపల మీద కూర్చున్నారు. షమా ల్యాప్‌టాప్ తెరిచింది.

తెర నిండా పాలెం.

చంటిపిల్లలు కూడా ఏడుపు ఆపేశారు, ఒట్టు! మెల్లగా ఒక వేలు లేచింది. “అది మా గడప.” ఇంకో వేలు. “మా కోళ్లగూడు!” తుఫానులో కొట్టుకుపోయిన గుడిసె ఒకటుంది, అది పోయిన ఎన్నో ఏళ్లకు లేచిన డాబా దాని పక్కనే ఉంది. ఒక్కరోజైనా అలా కలిసి ఉండని ఇళ్లన్నీ ఆ వేళ ఒక్క సముద్రం ముందు కలిసి నిలబడ్డాయి.

ముందుగా తేరుకున్నది చిన్నపోలయ్య.

“పాపా, మాకు మూడు తాటిచెట్లు యాడివి? అది ఒకటే చెట్టు! చిన్నప్పుడొకటి, వయసులో ఒకటి, ముసిల్ది ఒకటి పెట్టినావే!”

హాలు గొల్లుమంది. షమా నెత్తి కొట్టుకుంది.

ఆ నవ్వుల్లోనే మాలకొండమ్మ లేచి తెర దగ్గరికి నడిచింది. తన గుడిసె వాకిట్లోకి చెయ్యి చూపించింది.

“ఈ వలేంది పాపా?”

అప్పుడు చూశాం అందరం. వల ఒక కొస గుంజకు కట్టుంది. రెండో కొస బిర్రుగా సాగి, దేనికీ తగలకుండా గాల్లో ఉంది.

“వల దానంతటదే నిలబడిందే!” అంది ఎస్తేరమ్మ.

“ఊరకే నిలబడదు మ్మే,” అంది మాలకొండమ్మ. “ఆ కొస కాలి బొటనేలికి తగిలించి లాగి పట్టుకోని కుట్టాల. ఆడ మనిషుండాల. మా వాకిట్లో కూసోని వల కుట్టే మనిషి ఎవురు పాపా? నువ్వు తుడిచింది ఆయన్నే.”

షమా ల్యాప్‌టాప్ మీదికి వంగింది. తుడిచేటప్పుడు ఎవరెవరని చూడలేదు ఆమె. అడ్డం ఉన్నవాళ్లు, అంతే. ఆ వాకిలి పడిన ఎస్తేరమ్మ పెళ్లి ఫోటో అసలుది తెరిచింది. పెళ్లికూతురి భుజం పైన, దూరంగా, బియ్యపుగింజంత మచ్చ. దాన్ని పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది.

ఇసుకలో ఒక మనిషి. ఎడమకాలు చాపి, బొటనవేలికి వల తగిలించుకుని, మెడ వంచి కుట్టుకుంటున్నాడు.

“ఎడంకాలు,” అంది మాలకొండమ్మ. “కుడికాలి బొటనేలు లేదు ఆయనకి. పడవ ఇంజనులో పడి పోయింది.”

తెర నిండా పోలేరయ్య! కాలనీ మొత్తం ఒక్కసారి లేచి నిలబడింది. నేనూ లేచాను.

“చూడు, నా పెండ్లి జరగతా ఉంటే వల కుట్టుకుంటా కూసున్నాడు!” అంది ఎస్తేరమ్మ కళ్లు తుడుచుకుంటూ. “కూటికి కూడా రాలేదని ఇప్పటికీ చెప్పుకుంటా ఉండా నేను.”

“మర్నాడు వేటకి పోవాల గదా మ్మే,” అంది మాలకొండమ్మ.

మొహం మాత్రం మసకే. నవాజ్ ముందుకొచ్చాడు. “ఫోన్లో యాప్ ఉండాది అవ్వా. మొఖం శుభ్రంగా చేసిస్తది.” నిమిషంలో చేశాడు. కోటేరు ముక్కు, దువ్విన మీసం, నిగనిగలాడే చెంపలు.

మాలకొండమ్మ కళ్లు చికిలించి చూసింది.

“ఎవురీ అబ్బయ్య? ఎవురి తరపు?”

నవాజ్ సిగ్గుపడి ఫోను జేబులో పెట్టుకున్నాడు.

“ముందరుండె చూడు మసగ్గా, అదే పెట్టు నాయినా. మెడ అట్లే వంచేవాడు. పిలిస్తే వెంటనే తలెత్తడు, ఆ ముడి అయినాకే ఎత్తేది.” ఆమె తెరవైపే చూస్తూ నిలబడింది. తర్వాత షమా చెయ్యి పట్టుకుంది. “పాపా... మెడ చూసినాక మొఖం వచ్చేసింది. ఇదిగో, ఎత్తినాడు. చూస్తా ఉండాడు.”

తెర మీద వంచిన మెడ వంచినట్టే ఉంది. అయినా చెప్తున్నాను, ఆ క్షణాన పోలేరయ్య తలెత్తాడంటే నేను కాదనలేను.

షమా ఆ వారమంతా తుడిచినవాళ్లను వెతికి వెతికి వెనక్కి తెచ్చింది. ఫోటో కోసం నిలబడ్డవాళ్లను కాదు. వెనక వాళ్ల పని వాళ్లు చేసుకుంటున్నవాళ్లను. చేపలు ఎండబెట్టే ఆడమనిషి, బిందెతో పోతున్న ఆవిడ, కోడి వెంట పరిగెత్తే బుడ్డోడు. తాటిచెట్లలో రెండు పోయి ఒకటే మిగిలింది. వల కొసకు మనిషి వచ్చాడు.

పటాన్ని గుమ్మం కన్నా ఎత్తున పెట్టాలన్నాడు చిన్నపోలయ్య. మాలకొండమ్మది పొట్టి శరీరం. “నా కండ్ల కాడికి దించండయ్యా” అంది. పెద్దకాపు గొణుక్కుంటూనే మేకులు పీకించి కిందికి కొట్టించాడు. అందుకే ఇప్పుడు ఆ గోడకు కుర్చీలు ఆనించడానికి లేదు.

కాలనీలో సముద్రం కనిపించదు. కాబట్టి పెళ్లయినా పేరంటమైనా అందరూ ఆ పటానికే వీపు పెట్టి వరసగా నిలబడతారు. ఫోటో అంటే వెనక సముద్రం పడాలి కదా మరి! మొన్న ఒక పెళ్లికి నేనూ వెళ్లాను. షమానే కెమెరా పట్టింది. పెళ్లికొడుకు, పెళ్లికూతురు, వాళ్ల వెనక బంధుబలగం సర్దుకుని నిలబడ్డారు. షమా కెమెరాలోంచి చూసి తల పక్కకు పెట్టింది.

“అన్నా, నీలం చొక్కా అన్నా! కొంచెం పక్కకు జరుగు. పోలేరయ్య కనపడాల.”